తాడు లేకుండా బండ ఎక్కడం: బెంగళూరులో బౌల్డరింగ్ మొదటి నుంచి

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బెంగళూరు వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకు బండలు కొత్త కాదు. హిందూపురం దాటి లేపాక్షి వైపు వెళ్లినా, పెనుకొండ కింద నిలబడినా కనుచూపు మేర గుండ్లే. చిన్నప్పుడు వాటిమీదకు పాకని పిల్లలు ఆ ఊళ్లలో తక్కువ. అదే పనిని పద్ధతిగా, ఒక ఆటగా చేయడమే బౌల్డరింగ్. ఎత్తు మామూలుగా 4 నుంచి 5 మీటర్లు మించదు. తాడు ఉండదు, నడుముకు బెల్టు ఉండదు. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు సుద్దపొడి, కింద మెత్తటి పరుపు ఉంటే చాలు.

చిత్రదుర్గ కోట గోడల్ని తాడు లేకుండా ఎక్కే జ్యోతిరాజ్ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. అది వేరే సంగతి. అక్కడ ఎత్తుకు హద్దు లేదు, చెయ్యి జారితే ప్రాణమే పోతుంది. బౌల్డరింగ్‌లో పడటం ఆటలో భాగం. ఒక్క సాయంత్రంలో పదిసార్లు, ఇరవైసార్లు పడతారు. తాడు లేదు కాబట్టి పడిన ప్రతిసారీ నేలదాకా వస్తారు. అందుకే ఎక్కడం కంటే ముందు దిగడం, పడటం నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

ఈ ఆటకు పాత చరిత్రే ఉంది. పారిస్ దగ్గరి ఫోంటెన్‌బ్లో అడవిలోని బండల మీద పర్వతారోహకులు తరాలుగా సాధన చేస్తున్నారు. 1950ల్లో జాన్ గిల్ అనే అమెరికన్ జిమ్నాస్ట్ తన ఆటలో వాడే సుద్దపొడిని, ఊపుతో ఎగిరే కదలికల్ని బండల మీదకు తెచ్చాడు. ఆయన తర్వాత గణిత ప్రొఫెసర్ అయ్యాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో క్లైంబింగ్ తొలిసారి చోటు దక్కించుకుంది. అక్కడి మహిళల స్వర్ణం, 2024 పారిస్‌లో బౌల్డరింగ్, లీడ్ (తాడుతో ఎత్తైన గోడ ఎక్కే పోటీ) కలిపిన విభాగంలో మహిళల స్వర్ణం, రెండూ స్లోవేనియాకు చెందిన యాన్యా గార్న్‌బ్రెట్‌వే. 2028 లాస్ ఏంజెలెస్‌లో బౌల్డరింగ్‌కు విడిగా పతకం ఉంటుంది.

1. బండ దగ్గరికి కాదు, ముందు గోడ దగ్గరికి వెళ్లండి

ఆదివారం పొద్దున్నే స్నేహితులతో నేరుగా తురహళ్లికో రామనగరకో వెళ్లి మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. వద్దు. కృత్రిమ గోడ ఉన్న క్లైంబింగ్ జిమ్‌లో కింద అంతటా మందపాటి మ్యాట్ ఉంటుంది, చేత్తో పట్టుకునే, కాలు మోపే పట్టులు ఊడిరావు, తప్పు చేస్తే చెప్పేవాళ్లుంటారు. మొదటి రెండు మూడు నెలలు అక్కడే గడపండి.

బెంగళూరుకు ఈ విషయంలో అదృష్టం ఉంది. శ్రీ కంఠీరవ స్టేడియంలోని క్లైంబింగ్ గోడ మీద నగరంలోని ఎంతోమంది క్లైంబర్లు తొలి అడుగులు వేశారు. అది కాక ఈక్విలిబ్రియం లాంటి ప్రైవేటు బౌల్డరింగ్ జిమ్‌లు వచ్చాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి: ఒక రోజుకు రుసుము ఎంత, అందులో బూట్ల అద్దె కలిసి ఉందా, మొదటిసారి వచ్చేవాళ్లకు ఎవరైనా పద్ధతి చూపిస్తారా. మూడోదానికి లేదంటే ఇంకో జిమ్ చూసుకోండి. మిగతా రెండింటికంటే అదే ముఖ్యం.

ఆఫీసులు వదిలాక ఆరున్నర నుంచి తొమ్మిది వరకు జిమ్‌లు కిటకిటలాడతాయి. కొత్తవాళ్లు ఆ రద్దీలో బిడియపడి సగంలో వెళ్లిపోతారు. వీలైతే పనిదినాల్లో పొద్దున పూట వెళ్లండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నాలు ఇంకా మంచివి. మోకాలికో, చీలమండకో, భుజానికో పాత దెబ్బ ఉంటే, గర్భవతులైతే, ముందు డాక్టర్‌ని అడిగాకే రండి. ఎత్తంటే భయమున్నవాళ్లు మాత్రం నిశ్చింతగా రావచ్చు. ఎంత ఎత్తు ఎక్కాలో ప్రతిసారీ మీరే నిర్ణయించుకుంటారు.

2. ఏం వేసుకోవాలి, ఏం తీసెయ్యాలి

మొదట్లో ఏమీ కొనొద్దు, బూట్లు అద్దెకు తీసుకోండి. నెలా రెండు నెలలు పోయాక కూడా ఆట మీద మనసుంటే అప్పుడు కొనుక్కోవచ్చు. క్లైంబింగ్ బూటు బిగుతుగా ఉండాలి: వేళ్లు ముందు అంచుకు తాకి కొద్దిగా వంగాలి, మడమ దగ్గర ఖాళీ ఉండకూడదు, కానీ నొప్పితో కళ్లల్లో నీళ్లు తిరిగేంత బిగుతు అక్కర్లేదు. అడుగు చదునుగా ఉండే రకమే కొత్తవాళ్లకు సరి. ముక్కు కిందికి వంగిన ఖరీదైన బూట్లు మన తల మీదకి వాలిన గోడల మీద ఎక్కే అనుభవజ్ఞుల కోసం. డెకత్లాన్‌లో దొరికే సిమండ్ బూట్లతో మొదలుపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు, దానికి మొహమాటపడక్కర్లేదు.

సుద్దపొడి అని మనం అంటున్నది మెగ్నీషియం కార్బొనేట్. అది చెమటను పీలుస్తుంది. బోర్డు మీద రాసే సుద్ద ఈ పనికి రాదు.

తీసెయ్యాల్సినవాటి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఉంగరం వేలికి ఉంచుకుని ఎక్కొద్దు. చెయ్యి జారినప్పుడు ఉంగరం పట్టుకు చిక్కుకుంటే మీ బరువంతా ఆ ఒక్క వేలి చర్మం మీద పడుతుంది. వేలిని పోగొట్టుకునే ప్రమాదం అది. నిశ్చితార్థపు ఉంగరమైనా, జాతకానికి పెట్టుకున్న రాయి ఉంగరమైనా ఇదే మాట. గాజులు, కడియాలు, వాచీ, పొడవాటి గొలుసులు కూడా తీసి భద్రంగా పెట్టండి. మంగళసూత్రం తియ్యడం ఇష్టం లేనివాళ్లు దాన్ని బిగుతుగా ఉండే లోపలి బట్టలోకి నెట్టి, పైకి రాకుండా చూసుకోవాలి. జేబుల్లో తాళాలు, ఫోన్ ఉండకూడదు. చేతిగోళ్లు, కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకుని వెళ్లండి.

3. పడటం నేర్చుకోండి

మొదటి రోజు గోడ ముట్టుకోకముందే పావుగంట దీనికి కేటాయించండి. బౌల్డరింగ్‌లో పడినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది చీలమండ. ఆ తర్వాత మోకాలు, మణికట్టు, మోచేయి. వీటిలో చాలా దెబ్బలు ఎక్కేటప్పుడు కాదు, నేలను తాకేటప్పుడే తగులుతాయి.

మ్యాట్ మీద నిలబడండి. పాదాల మధ్య తుంటి వెడల్పు దూరం. మోకాళ్లు వదులుగా వంచండి. గడ్డం ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ఇప్పుడు గొంతుక్కూర్చుని, ఆగకుండా వెనక్కి పిర్రల మీదకి, అక్కడి నుంచి వీపు మీదకి దొర్లండి. పది సార్లు ఇలా చేశాక మోకాలి ఎత్తులోని పట్టు మీద నిలబడి వదిలేయండి. రెండు పాదాలూ ఒకేసారి తాకాలి, మోకాళ్లు వంగాలి, ఆ ఊపుతోనే దొర్లాలి. తర్వాత నడుం ఎత్తు నుంచి, ఆ తర్వాత ఇంకొంచెం పైనుంచి. నిలబడిపోవాలని చూడొద్దు. కాళ్లు బిగించి నిలబడితే ఆ తాకిడంతా చీలమండలు, మోకాళ్లు, నడుం ఎముక మోస్తాయి. దొర్లితే అది వీపంతా పంచుకుంటుంది.

పడేటప్పుడు చెయ్యి వెనక్కి చాపి ఆపుకోబోవడం మనిషి సహజ గుణం. అదే మణికట్టును, మోచేతిని విరగ్గొడుతుంది. చేతులు ఛాతీ దగ్గర ఉంచడం ఆలోచించకుండానే జరిగేదాకా సాధన చెయ్యాలి. పక్కకి పడుతున్నట్టు అనిపిస్తే ఆ పక్కకే దొర్లండి, ఎదురు తిరగొద్దు. పై పట్టు అందుకున్నాక అక్కడి నుంచి దూకకండి. పెద్ద పట్టులు, అవి ఏ రంగువైనా సరే, వాడుకుంటూ సగం దాకా దిగి, అప్పుడు వదలండి. రోజుకు ముప్పైసార్లు పైనుంచి దూకే అలవాటు మోకాళ్లను నెమ్మదిగా తినేస్తుంది. దిగడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: పాదాలు ఎక్కడ పెట్టాలో చూసే అలవాటు వస్తుంది.

మ్యాట్ మీద నీళ్ల సీసా, ఫోన్, బ్రష్ ఏదీ ఉంచకూడదు. ఎవరైనా ఎక్కుతుంటే వాళ్ల కింద నడవకూడదు, కూర్చోకూడదు. మ్యాట్ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లను ఏ జిమ్‌లోనైనా చూస్తాం. మర్యాదగా పక్కకి జరగమని అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. పిల్లల్ని తీసుకొస్తే ఒక పెద్దవాళ్ల పని వాళ్లను కనిపెట్టుకుని ఉండటమే. ఆ సమయంలో ఆ మనిషి ఎక్కకూడదు.

4. గోడను చదవడం

గోడ మీద ఒకే రంగులో ఉన్న పట్టుల వరుసను ప్రాబ్లమ్ అంటారు. మొదలయ్యే పట్టుకు చీటీ కట్టి ఉంటుంది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని, రెండు కాళ్లూ నేల వదిలాక లెక్క మొదలు. చివరి పట్టును రెండు చేతులతో నిలకడగా పట్టుకుంటే పూర్తయినట్టు. కఠినత్వాన్ని వి-0 నుంచి వి-17 దాకా కొలుస్తారు. ఈ కొలమానం టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ బండల దగ్గర పుట్టింది. ఫోంటెన్‌బ్లోది వేరే కొలమానం. చాలా జిమ్‌లు తమ సొంత రంగుల పద్ధతి పెట్టుకుంటాయి, అడిగి తెలుసుకోండి. ఒక జిమ్‌లో సులువుగా వచ్చిన గ్రేడ్ ఇంకో జిమ్‌లో రాకపోవచ్చు, దానికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఎక్కే ముందు కింద నిలబడి చూడండి. ఏ పట్టుకు ఏ చెయ్యి, మధ్యలో చెయ్యి మార్చుకోవాలా, కాలు ఎక్కడ పెడితే తర్వాతి పట్టు అందుతుంది అని గాలిలో చేతులు కదిపి చూసుకోండి. అలా చేస్తే నవ్వుతారేమోనని కొందరు సిగ్గుపడతారు. ఒలింపిక్ పోటీల్లో కూడా ఇదే చేస్తారు. ఒక ప్రాబ్లమ్‌ను ఎలా ఎక్కాలో చెప్పే కిటుకును బీటా అంటారు. ఎవరైనా తంటాలు పడుతుంటే, "చెప్పమంటారా?" అని అడిగాకే చెప్పండి. సొంతంగా తేల్చుకోవడంలోనే కొందరికి ఆనందం. మీకు సాయం కావాలంటే మాత్రం మొహమాటం లేకుండా అడగండి. "అన్నా, ఆ మూలకు కాలు ఎలా పెట్టావు?" అంటే పది నిమిషాలు ఆగి చూపించేవాళ్లే ఎక్కువ. తెలుగు, కన్నడ, హిందీ కలగలిసిన బెంగళూరు భాష అక్కడ హాయిగా సరిపోతుంది.

5. అసలు పని కాళ్లదే

కొత్తవాళ్లు చేతులతో లాగుతారు. పుల్-అప్‌లు తీసే కుర్రాళ్లు మరీను. మొదటి వారం అది పనిచేస్తుంది, ముంజేతులు రాయిలా బిగుసుకుపోయాక ఆగిపోతుంది. లాగే బలం లేని మనిషి మొదటి రోజే కాళ్లను నమ్ముకోవాల్సి వస్తుంది కాబట్టి పద్ధతి త్వరగా పట్టుబడుతుంది. తొడ కండరాలు రోజంతా మన బరువు మోస్తూనే ఉంటాయి. ముంజేతి కండరాలకు ఆ అలవాటు లేదు.

పట్టు మీద అరికాలు మధ్యభాగం పెట్టకండి. బొటనవేలి దగ్గరి భాగం, ముఖ్యంగా దాని లోపలి అంచు పెట్టండి. అలా పెడితే కాలును పట్టు మీదే తిప్పుకోవచ్చు, మడమ పైకెత్తి ఇంకో నాలుగంగుళాలు అందుకోవచ్చు. అరికాలు పెడితే అక్కడే ఇరుక్కుపోతారు.

పాదం పట్టును తాకేదాకా చూపు దాని మీదే ఉండాలి. అందరూ చివరి క్షణంలో పైకి చూస్తారు, పాదం గోడకు తన్నుకుని జారుతుంది. దీనికి మంచి సాధన ఒకటుంది: మీకు చాలా సులువైన ప్రాబ్లమ్ తీసుకుని, పాదం చప్పుడు ఒక్కసారి కూడా వినపడకుండా ఎక్కండి. చప్పుడైతే దిగి మళ్లీ మొదలు. వార్మప్‌గా ప్రతి రోజూ ఇది చేస్తే రెండు నెలల్లో మీ నడకే మారిపోతుంది.

చేతులు నిటారుగా ఉంచి వేలాడండి. మోచేతులు వంచి పట్టుకుంటే కండరం అలుస్తుంది, చాచి పట్టుకుంటే బరువు ఎముకల మీద పడుతుంది. ముందు కాళ్లు పైకి పెట్టుకుని, కాళ్లతో లేచి, అప్పుడు చెయ్యి చాపండి. నడుము గోడకు దగ్గరగా ఉండాలి. గోడకు ఎదురుగా నిలబడితే మోకాళ్లు అడ్డొచ్చి నడుము వెనక్కి పోతుంది. పక్కకు తిరిగి ఒక తుంటిని గోడకు ఆనిస్తే అదే వైపు చెయ్యి ఆశ్చర్యపోయేంత దూరం వెళ్తుంది.

కుడి చెయ్యి, కుడి కాలు మాత్రమే గోడ మీద ఉన్నప్పుడు ఒళ్లంతా కీలు మీద తలుపులా తెరుచుకుంటుంది. ఎడమ కాలిని కుడి కాలి వెనకగా చాచి గోడకు ఆనిస్తే ఆ తిరుగుడు ఆగుతుంది. దీన్ని ఫ్లాగింగ్ అంటారు. ఆ కాలికి పట్టు అక్కర్లేదు, గోడ చాలు. ఈ ఒక్కటి వంటబట్టిన రోజు, అంతకుముందు అసాధ్యం అనుకున్న ప్రాబ్లమ్‌లు కొన్ని వాటంతట అవే వచ్చేస్తాయి.

మన నుంచి అవతలికి వాలి ఏటవాలుగా ఉన్న గోడల మీద, ఏ పట్టూ లేని చోట బూటు ముందుభాగం రబ్బరంతా బండకు అదిమి నిలబడాలి. దాన్ని స్మియరింగ్ అంటారు. మడమ కాస్త కిందికి దించి బరువంతా పాదం మీదే వెయ్యండి. జారుతుందేమోనని భయపడి గోడకు అతుక్కుంటే బరువు పాదం మీద నుంచి తప్పుకుని నిజంగానే జారుతుంది. బెంగళూరు చుట్టుపక్కల బండలు చాలావరకు ఇలాంటివే. అందుకే జిమ్‌లో అందరూ తల మీదకి వాలిన గోడల దగ్గర గుమిగూడినప్పుడు మీరు ఖాళీగా ఉన్న ఈ వాలు గోడ మీద సమయం పెట్టండి.

6. వేళ్ల సంగతి

నిండు చెయ్యి పట్టే పెద్ద పట్టు జగ్. వేలి కొసలు మాత్రమే ఆనే సన్నటి అంచు క్రింప్. గుండ్రంగా, అంచు లేకుండా ఉండేది స్లోపర్: దాన్ని అరచేతి రాపిడితో పట్టుకోవాలి, ఒళ్లు దానికి నేరుగా కింద ఉండాలి. బొటనవేలితో నొక్కి పట్టేది పించ్.

వీటిలో జాగ్రత్త పడాల్సింది క్రింప్‌తో. వేళ్లు బాగా మడిచి, బొటనవేలిని చూపుడువేలి మీద వేసి బిగిస్తే పట్టు గట్టిగా ఉంటుంది, కానీ వేలి లోపలి టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడును) ఎముకకు అదిమి ఉంచే వలయాల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఈ వలయాలను పుల్లీలు అంటారు. అవి తెగితే నెలల తరబడి ఆట బంద్. మొదటి ఏడాది వేళ్లు సగమే వంచి పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. టెండన్లకు, ఎముకల్ని ఒకదానితో ఒకటి కలిపే లిగమెంట్లకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి అవి నెలల మీద బలపడతాయి. అందుకే మూడో నాలుగో నెలలో, ఒంట్లో బలం వచ్చిందని హుషారు మీదున్నప్పుడే వేళ్లు దెబ్బతింటాయి. వేళ్లతో వేలాడే చెక్క బోర్డులు జిమ్‌లో ఊరిస్తుంటాయి, మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. ఎదిగే పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. వాళ్ల వేళ్ల ఎముకల్లో ఎదిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు, ఎక్కువ ఒత్తిడితో అక్కడ చీలిక రావచ్చు. పిల్లలకు వేలి కణుపు నొప్పి అంటే సర్దుకుంటుందిలే అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

7. ఒక సాయంత్రాన్ని ఎలా వాడుకోవాలి

వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం ఒక రోజు పూర్తి విరామం ఉండాలి. వెళ్లగానే పావుగంట ఒళ్లు వేడెక్కించండి: చేతులు తిప్పడం, గుంజీలు, తర్వాత అతి సులువైన ప్రాబ్లమ్‌లు ఐదారు. కష్టమైనది ప్రయత్నిస్తున్నప్పుడు ఒక్కో ప్రయత్నానికి మధ్య మూడు నాలుగు నిమిషాలు కూర్చోండి. వెంటవెంటనే ఎక్కితే ప్రతి ప్రయత్నం ముందుదానికంటే నీరసంగా ఉంటుంది, నేర్చుకునేది కూడా ఉండదు. గంటన్నర అయ్యాక, ఇంకొంచెం ఓపిక ఉన్నప్పుడే ఆపేయండి. అలసిపోయాక చేసే చివరి ప్రయత్నంలోనే పడే తీరు అదుపు తప్పుతుంది.

అరచేతి చర్మం ఊడి చిన్న పొరలా వేలాడితే లాగకండి. కత్తెరతో కత్తిరించి, కడిగి, టేపు వేసి ఆ రోజుకు ఆపండి. రాత్రి చేతులు కడుక్కుని కొబ్బరి నూనెనో క్రీమో రాసుకోండి. మర్నాడు ఎక్కేముందు చేతులకు నూనె జిడ్డు లేకుండా చూసుకోండి. కాయలు కాసిన చోట ఆకురాయితో సమంగా అరగదీస్తే అవి పట్టుకు తగులుకుని ఊడవు. వేలిలో "టప్" మన్న చప్పుడు వినిపించి నొప్పి వస్తే అది చర్మం సంగతి కాదు. అక్కడికక్కడ ఆపి, క్రీడల గాయాలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

8. బయటి బండల మీదకు

కనకపుర రోడ్డు వైపు తురహళ్లి, దేవనహళ్లి దగ్గర అవతి, మైసూరు రోడ్డులో రామనగర: బెంగళూరు క్లైంబర్ల నోట ఎప్పుడూ వినిపించే పేర్లు ఇవి. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న ఆ గుట్ట జాతీయ భూవిజ్ఞాన స్మారకం, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. నగరం చుట్టుపక్కల చాలా బండలు ఆ నైస్ (gneiss) అనే రాతి జాతివే. రామనగర వైపు రాయి వేరు, అది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఆ ఊరి పాత పేరు క్లోజ్‌పేట, ఆ పేరునే ఈ గ్రానైటుకు పెట్టారు. దీని పలుకులు పెద్దవి, గరుకైనవి. బూటు రబ్బరు బాగా పట్టుకుంటుంది, అయితే వేళ్ల చర్మం గంటలో అరిగిపోతుంది. జిమ్‌లో వి-3 ఎక్కే మనిషి ఇక్కడ వి-0 దగ్గర తడబడటం మామూలే. పట్టు ఎక్కడుందో రంగు వేసి చూపించేవాళ్లు ఉండరు కదా.

ఒంటరిగా వెళ్లకండి. ఆ బండలు తెలిసినవాళ్లతో, కనీసం ముగ్గురుగా వెళ్లండి. తురహళ్లి అటవీ శాఖ అధీనంలోని అడవి. ప్రవేశం, అనుమతి గురించి వెళ్లే వారమే కనుక్కోండి. రామనగర దగ్గరి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. పొడుగు ముక్కు రాబందులు ఆ కొండ చరియల్లో గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. దేశంలో రాబందులు ఎంత తగ్గిపోయాయో తెలిసినవాళ్లెవరూ అక్కడ ఎక్కాలని అనుకోరు. ప్రైవేటు పొలాల్లోని బండలైతే రైతును అడగాలి. మన ప్రాంతం వాళ్లే కూలికి వచ్చి ఉంటారు చాలాసార్లు, ఒక పలకరింపుతో పని అయిపోతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట అన్నిటికంటే మంచి కాలం. చల్లగా, పొడిగా ఉన్న రాయి మీద పట్టు నిలుస్తుంది. ఎండాకాలంలో చెమటకు సుద్ద కూడా సరిపోదు. వాన పడిన మర్నాడు, నాచు పట్టిన బండ మీదకు వెళ్లొద్దు.

క్రాష్ ప్యాడ్ అనే మడత పరుపు దాదాపు 10 సెంటీమీటర్ల మందం ఉంటుంది. పైన గట్టి ఫోమ్, కింద మెత్తటి ఫోమ్. పరిచేముందు నేల మీది రాళ్లు ఏరెయ్యండి, గుంటలు చూసుకోండి. రెండు ప్యాడ్‌ల మధ్య సందు ఉంటే చీలమండ అక్కడే మడత పడుతుంది, అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఆ సందు మూసేయండి. మీరు ఎక్కే చోటుకు నేరుగా కిందే కాదు, ఊపు మిమ్మల్ని ఎటు విసిరేస్తుందో ఆలోచించి అక్కడ వెయ్యాలి.

కింద నిలబడి కాచుకునేవాళ్లను స్పాటర్ అంటారు. స్పాటర్ పని పడేవాళ్లను ఎత్తుకోవడం కాదు. వాళ్ల తుంటి మీదా, భుజాల మీదా చెయ్యి వేసి ప్యాడ్ మీదకి మళ్లించడం, తల రాయికి తగలకుండా చూడటం. ఒక కాలు వెనక్కి పెట్టి, మోచేతులు కాస్త వంచి, బొటనవేళ్లు లోపలికి ముడుచుకుని నిలబడండి. చూపు ఎక్కేవాళ్ల నడుము మీద ఉండాలి, చేతుల మీద కాదు. ఫోన్ తీసి వీడియో పట్టేవాళ్లు స్పాటర్‌గా పనికిరారు. ఆ రెండు పనులూ ఇద్దరు చెయ్యాలి.

ఎక్కకముందే చుట్టూ తిరిగి బండ వెనకవైపుకు వెళ్లి చూడండి. పైనుంచి దిగే దారి ఉందా? పైభాగంలో వదులు రాళ్లు, ముళ్లు, ఇసుక ఉన్నాయా? దిగే దారి తెలియని బండను ఎక్కకండి, అది ఎంత సులువుగా కనిపించినా సరే. పైఅంచు మీదకి ఒళ్లు లేపుకునే చివరి కదలిక కొత్తవాళ్లకు అన్నిటికంటే భయం పుట్టిస్తుంది. దాన్ని ముందు ఛాతీ ఎత్తు బండల మీద సాధన చేసుకోండి. అరచేతులు అంచు మీద నొక్కి, మోచేతులు చాచి, కాలు పైకి తెచ్చి లేవాలి.

గ్రానైటు ఎండకు, చలికి పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పట్టు మీద బరువు వేసేముందు అరచేత్తో కొట్టి వినండి. బోలుగా మోగితే దాన్ని నమ్మొద్దు. సందుల్లో చెయ్యి పెట్టేముందు లోపల చూడండి, పాములు, తేళ్లు చల్లదనానికి అక్కడే ఉంటాయి. పాము కాటేస్తే కొయ్యడం, కట్టు బిగించడం చెయ్యకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యడానికి సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో బండల దగ్గరికి నడిచేటప్పుడే గమనించుకోండి.

పెద్ద తేనెటీగల పట్టు కనిపిస్తే ఆ బండను ఆ రోజుకు మర్చిపోండి. సెంటు రాసుకుని రావద్దు, పొగ పెట్టొద్దు, కేకలు వెయ్యొద్దు. అవి లేస్తే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని పరుగెత్తండి, కారులోకి దూరి తలుపులు వేసుకోండి. చిరుతలు తిరిగే అడవి కాబట్టి తురహళ్లి వైపు చీకటి పడకముందే బయటపడటం మంచిది.

బండ మీద పసుపు, కుంకుమ, చిన్న నామం కనిపించినా అది ఎవరో కొలిచే గుడి అని గ్రహించి దూరంగా ఉండండి. రాయిని చెక్కి పట్టు చెయ్యడం, బాణం గుర్తులకు రంగు పుయ్యడం క్షమించరాని పనులు. 300 కోట్ల ఏళ్ల రాయి మీద మన గుర్తు ఏదీ మిగలకూడదు. ఆఖరున మెత్తటి బ్రష్‌తో సుద్ద మరకలు దులిపి రండి. ఇనుప బ్రష్ వాడితే రాయి అరుగుతుంది.

9. హంపీ ఎప్పుడు

బెంగళూరు బండల మీద ఒక శీతాకాలం గడిచాక, పడటం, స్పాట్ చెయ్యడం చేతికి వచ్చాక, హంపీ పెట్టుకోండి. సుమారు 340 కిలోమీటర్లు. రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు, బళ్లారి మీదుగా పొద్దున హొసపేటలో దిగుతారు. ప్రపంచం నలుమూలల నుంచీ క్లైంబర్లు శీతాకాలంలో అక్కడికి వస్తారు. గుడులు, మండపాలు ఉన్న చోట ఎక్కడం నేరమే కాదు, తప్పు కూడా. క్లైంబర్లు వెళ్లేది తుంగభద్ర అవతల, కొప్పళ జిల్లాలో ఉన్న ఆనెగొంది, సానాపుర వైపు బండలకు. నది ఒడ్డున విరూపాపుర గడ్డెలో ఉన్న పాత బసలను 2020లో కూల్చేశారు, ఇప్పుడు బస కూడా సానాపుర వైపే చూసుకోవాలి. ప్యాడ్‌లు అద్దెకు దొరుకుతాయేమో బస ఇచ్చేవాళ్లను ముందే ఫోన్‌లో అడగండి. దొరకకపోతే ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి.

డిసెంబరులో కూడా అక్కడ మధ్యాహ్నపు ఎండకు రాయి కాలుతుంది. తెల్లవారుజాము నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ నాలుగు తర్వాత ఎక్కండి. మొదటి రోజు మీ గ్రేడ్‌కు రెండు మెట్లు కింద మొదలుపెట్టి ఆ రాయికి పాదాలను అలవాటు చెయ్యండి. రెండో రోజు సాయంత్రానికి వేలికొసలు ఎర్రబడి గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. మూడో రోజు చేతులకు సెలవిచ్చి విఠల గుడి, ఆనెగొంది ఊరు తిరిగి రండి. నాలుగో రోజు పొద్దున వేళ్లు నొక్కి చూసుకుని, మంట లేకపోతేనే మళ్లీ బూట్లు వేసుకోండి.